పెట్టెలో చప్పుడేమిటి?

పిల్లలూ, మీ అన్నయ్య విడిభాగాలు కొని తెచ్చి, తానే స్వయంగా ఒక కంప్యూటరు కూర్చాడనుకోండి. పాత కంప్యూటరులోని హార్డ్ డిస్కును కూడా అందులోనే బిగించాడు. అమ్మమ్మ ఫోటోలన్నీ దానిలోనే ఉన్నాయి. మీట నొక్కగానే తెర వెలిగింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. కాని కాసేపటికి పెట్టెలోంచి వింత చప్పుళ్లు బయలుదేరాయి!

"పాడయినట్టుంది. తీసుకుపోయి దుకాణంలో చూపించు," అన్నారు నాన్నగారు.

తొందర వద్దు. ఆ చప్పుడు ఎక్కడిదో ముందు మనమే కనిపెడదాం.

ఏదైనా కంపిస్తేనే గదా ధ్వని పుట్టేది! మరి ఆ పెట్టెలో కదిలేవి ఏవి? ఒకటి, ఫాన్లు. రెండు, హార్డ్ డిస్కు. దానిలోని పళ్లాలు చాలావాటిలో నిమిషానికి 5,400 సార్లో, 7,200 సార్లో తిరుగుతాయి. 7,200 అంటే సెకనుకు 120 చుట్లన్నమాట!

1816లో పారిస్ నగరంలో లానెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంగా చుట్టి, రోగి గుండెకు ఆనించి విన్నాడు. స్టెతస్కోపు అలా పుట్టింది. మీరూ ఒక దళసరి కాగితాన్ని గొట్టంగా చుట్టండి. ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండవ కొసను పెట్టె పొడుగునా జరుపుతూ వినండి. ఎక్కడ బిగ్గరగా వినిపిస్తే దొంగ అక్కడ ఉన్నట్టే.

"టకటక" మంటున్నదా? ఫాను రెక్కకు ఏదో తీగ తగులుతూ ఉండవచ్చు. కంప్యూటరు ఆపి, ప్లగ్గు తీసిన తరువాతనే అన్నయ్య చేత తీగను పక్కకు కట్టించండి.

"ఘుం" మని రొద వస్తున్నదా? పెట్టె పక్కరేకు మీద అరచేయి ఆనించండి. మోగే కంచుపళ్లెం చేయి వేస్తే ఊరుకోదూ? అలాగే ఈ రొద కూడా ఆగితే, రేకు స్క్రూలు వదులుగా ఉన్నాయన్నమాట. వాటిని బిగిస్తే సరి.

ఆటలు ఆడేటప్పుడు మాత్రం సన్నగా "కీ" మంటున్నదా? అది గ్రాఫిక్స్ కార్డులోనో, పవర్ సప్లైలోనో ఉండే తీగచుట్టల పాట! కరెంటు వేగంగా మారుతుంటే అవి కంపిస్తాయి. చెవికి చిరాకే గాని, సాధారణంగా ప్రమాదం లేదు. "నాకేమీ వినపడటం లేదే!" అని తాతగారు అనవచ్చు. వయసు పెరిగినకొద్దీ సన్నని ధ్వనులు వినే శక్తి తగ్గుతుంది. అంతేగాని మీరు కల్పించి చెప్పారని కాదు. పవర్ సప్లైని మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు తీసినా దానిలో కొంతసేపు విద్యుత్తు నిలిచి ఉంటుంది.

ఇక డిస్కు దగ్గర "టిక్కు... టిక్కు..." మని ఒకే వరుసలో వినిపిస్తే అశ్రద్ధ చేయకండి. సమాచారం చదివే చిన్న చేయి తన చోటు దొరకక మళ్లీ మళ్లీ వెనక్కు పోతూ ఉండవచ్చు. మిగతా పనులన్నీ మాని, ముందుగా అమ్మమ్మ ఫోటోలను మరొక డిస్కులోకి తీయించండి. అవి తెరుచుకోకపోతే ఊరికే మీట నొక్కుతూ కూర్చోక, కంప్యూటరు ఆపివేసి తెలిసినవారికి చూపించండి. అప్పుడు నాన్నగారి మాటే సరైనది!

కంప్యూటరు బాగా పనిచేస్తున్న రోజున కూడా ఒకసారి గొట్టంతో విని ఉంచుకోండి. దాని అలవాటు చప్పుడు మీకు తెలిస్తేనే, కొత్త చప్పుడు వచ్చిన నాడు వెంటనే గుర్తుపట్టగలుగుతారు.