పాల్వంచ బూడిద - టెస్ట్ చెయ్యని సర్టిఫికెట్

ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం దాటి పాల్వంచ వెళ్తే కేటీపీఎస్ బూడిద చెరువు. ఆ బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, సీసం, పాదరసం కొద్దికొద్దిగా ఉంటాయి. అయినా చట్టం లెక్కలో అది ప్రమాదకర వ్యర్థం కాదు. పరీక్ష చేసి తేల్చారనుకునేరు! 'పరిమాణం ఎక్కువ, ప్రభావం తక్కువ' అంటూ 2016 నిబంధనలు ఫ్లైయాష్‌ని ఆ కోవలోంచే తప్పించాయి. మన భాషలో చెప్పాలంటే, టెస్ట్ రన్ అవకముందే రిటర్న్ ఫాల్స్.

పోనీ, పరీక్షే చేశారనుకుందాం. వ్యర్థాన్ని పల్చటి ఆమ్లంలో వేసి గిలక్కొడితే, అందులోకి దిగిన ఆర్సెనిక్ లీటరుకి 5 మిల్లీగ్రాములు ఉంటేనే ప్రమాదకరం. తాగునీటికి మన హద్దు 0.01, అంటే అందులో 500వ వంతు! ఈ 5 అమెరికా లెక్క. అప్పట్లో వాళ్ళ తాగునీటి హద్దు 0.05, దాన్ని వందతో హెచ్చవేశారు. 2001లో ఆ హద్దుని 0.01కి దించారు గానీ, 5 మాత్రం హార్డ్‌కోడ్ చేసినట్టు అలాగే ఉండిపోయింది. మనమూ కాపీ పేస్ట్.

ప్రమాదకరమని ముద్ర వేస్తే బూడిద ఇటుకలు ఎవరు కొంటారంటారు. సబబే. కానీ ఇటుకలో బిగుసుకున్న బూడిద వేరు, చెరువులో ఏళ్ళ తరబడి నానే బూడిద వేరు. రెండిటికీ ఒకటే మినహాయింపేంటండీ? ఇటుకల్ని వదిలెయ్యండి. చెరువు బూడిదని, చుట్టుపక్కల బోరు నీళ్ళని పరీక్షించి, ఫలితాలు ఆ ఊళ్ళ పంచాయతీ గోడల మీద తెలుగులో అంటించండి.