దయచేయండి – ఇటాలియన్‌లో

ఇటాలియన్ భాషలో ‘ఓస్పితె’ అని ఒక మాట ఉంది. అతిథికీ అదే మాట, ఆతిథ్యమిచ్చే ఇంటివారికీ అదే మాట. ఎవరు ఎవరో సందర్భాన్నిబట్టి పోల్చుకోవాలి. మనకు అతిథి వేరు, గృహస్థు వేరు.

నాకీ గొడవ ఎందుకంటారా? నా దగ్గర తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకతె పైచదువుకు బొలోన్యా వెళ్లింది. చదువు ఖర్చులకని అక్కడొక చిన్న బసలో, వచ్చినవారిని ఆహ్వానించి గది చూపించే పనిలో చేరింది. నెల రోజులు చూసి ఉంచుకుంటారట. “మాటలు నేర్చుకున్నాను మాష్టారూ, మర్యాదలో ఎక్కడ తప్పుతానో అని భయం” అంటూ ఒక జాబితా పంపింది. నా ఇటాలియన్ పుస్తకాల్లో చదువుకున్నదే. కాని మర్యాద తెలుగు పంతులుకు అందని విషయమా?

పలకడం మనకు సుళువే. మాటలు చాలావరకు అచ్చులతోనే ముగుస్తాయి. తెలుగును తూర్పుదేశపు ఇటాలియన్ అన్నది అందుకే గదా! ఒత్తులు మాత్రం మింగకూడదు. ‘నోత్తె’ అంటే రాత్రి, ‘నోతె’ అంటే సంగీత స్వరాలు. గడికీ గడ్డికీ తేడా తెలిసినవాళ్లకు ఇదొక లెక్కలోది కాదు.

స్వాగతం చెప్పాలంటే ముందు వచ్చిందెవరో చూడాలి. మగవాడైతే ‘బెన్వెనూతో’, స్త్రీ అయితే ‘బెన్వెనూతా’, దంపతులైతే ‘బెన్వెనూతి’, అందరూ ఆడవాళ్లయితే ‘బెన్వెనూతే’. మన సుస్వాగతానికి ఆ శ్రమ లేదు; గుమ్మానికి రాసి తగిలిస్తే సరి.

అసలు చిక్కు నువ్వు, మీరు దగ్గర. చనువున్నవారికి ‘తు’, గౌరవించవలసినవారికి ‘లెయ్’. లెయ్ అంటే అక్షరార్థం ‘ఆమె’! మీసాల పెద్దమనిషినైనా సరే, క్రియను ప్రథమపురుషలో పెట్టే పలకరించాలి. “ఏలినవారు సెలవిచ్చారు” అనే మనకిది వింత కాదు. ముస్సోలినీ ప్రభుత్వం 1938లో ఈ లెయ్‌ని మాన్పించి ‘వోయ్’ అనిపించాలని పట్టుబట్టింది. ప్రభుత్వం పోయింది, లెయ్ ఉంది. అమ్మాయి జాబితాలో ‘అక్కోమొదతి’ అని కనిపించింది. అది “రా, కూర్చో” అన్నట్టు. తండ్రి వయసువాడితో అంటే పని ఉంటుందా, ఊడుతుందా? ‘సి అక్కోమొది’ అని దిద్దాను. “దయచేయండి, సుఖంగా కూర్చోండి” అని దాని భావం.

‘చావో’ కూడా కొట్టేశాను. వినడానికి మనకెలాగూ బాగుండదనుకోండి. వెనిస్ వాళ్ల మాండలికంలో “మీ దాసుణ్ణి” అన్న మాటనుంచి వచ్చిందది. మన దాసోహం వంటిదే. ఇప్పుడు అందులో దాస్యం పోయి చనువు మిగిలింది, కనుక కొత్తవారికి పనికిరాదు. పగలు ‘బ్వొంజోర్నో’, సాయంత్రం ‘బ్వొనసేర’ అంటే హుందాగా ఉంటుంది.

తరువాత ‘ఉన్ దొకుమెంతో, పెర్ ఫవోరె’ అని గుర్తింపు కాగితం అడగాలి. తప్పదు, బస చేసినవారి వివరాలు 24 గంటల్లోగా పోలీసులకు తెలపాలని అక్కడి చట్టం. కాని గుమ్మం ఎక్కగానే కాగితాలడిగితే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. ముందు “ప్రయాణం బాగా జరిగిందా?” అని అడగమన్నాను. ‘కొమె అందాతో ఇల్ వ్యాజ్జో?’ ఆపైన ‘ఎక్కో ల క్యావె’, ఇదిగో తాళంచెవి.

వాళ్లు ‘గ్రాత్సియె’ అంటే ‘ప్రెగో’ అనాలి. “వేడుకుంటున్నాను” అని దాని అర్థం. తలుపు తీసి లోపలికి పిలిచేటప్పుడూ అదే ప్రెగో. మన ‘దయచేయండి’ దీనికన్నా గడుసుది, రమ్మనడానికీ పొమ్మనడానికీ కూడా పనికొస్తుంది!

జాబితాలో వీడ్కోలు మాట లేదు. ‘అర్రివెదెర్చి’ చేర్చాను. మళ్లీ చూసుకునేదాకా అని దాని అర్థం. మనం “వెళ్లి రండి” అంటామే, అది.