పాత ఇల్లు – కొత్త తాళం

పోయిన నెలలో విశాఖపట్నం నుంచి మా అక్క ఫోను చేసింది. వాళ్లింటికి రెండు వీధుల అవతల దొంగలు పడ్డారట. "ఒరే, నువ్వొచ్చేటప్పుడు మంచి తాళంకప్ప ఒకటి పట్రా. ఎంతైనా ఫర్వాలేదు" అంది.

తాళం కొనడానికేముంది? దుకాణానికి వెళితే పది రకాలు చూపిస్తాడు. కాని అక్కావాళ్లది ఆటోనగర్ అంచున ఎప్పుడో 1980ల్లో కట్టిన ఇల్లు. ఇల్లు చూడకుండా తాళం కొనడం రోగిని చూడకుండా మందు కొనడం లాంటిది. అందుకని వట్టి చేతులతోనే వెళ్లాను. అక్కకు కోపం వచ్చిందనుకోండి.

దొంగ ఇల్లు ఎలా చూస్తాడో మన పూర్వులకు బాగా తెలుసు. శూద్రకుని మృచ్ఛకటికంలో శర్విలకుడనే దొంగ చారుదత్తుని ఇంటికి కన్నం వేస్తాడు. రోజూ సూర్యుడికి అర్ఘ్యం విడిచే నీళ్లతో నాని, ఎలుకలు తోడి, గోడ ఎక్కడ గుల్లబారిందో చేత్తో తడిమి చూసి మరీ మొదలుపెడతాడు. కొలతకు దారం మరిచిపోయి జంధ్యంతో కొలుస్తాడు! తలుపు కిర్రుమనకుండా దానిమీద నీళ్లు కూడా చల్లుతాడు. ఆ ఘనుడికి కావలసింది మన తాళం కాదు, మన తడిగోడ. విశాఖలో తడికి తోడు ఉప్పుగాలి కూడా వుంది. ఇనుము పైకి రంగుతో నిగనిగలాడుతూనే లోపల పొట్టు పొట్టుగా రాలిపోతుంది.

కనుక నేనూ శర్విలకుడిలాగే ఇల్లు చుట్టి చూశాను. అక్కడి వెల్డింగు షాపు మేస్త్రీని వెంటబెట్టుకున్నాను. ఆటోనగర్‌లో వుండడంలోని సుఖం అదే. లారీ బాడీలు కట్టేవాళ్లు, లేతు పనివాళ్లు పిలుపు దూరంలో వుంటారు.

వీధి తలుపు మంచి టేకుది. దానికి కొబ్బరికాయంత తాళం. మేస్త్రీ దాని మొహమైనా చూడలేదు. గొళ్లెం పట్టీకి బయటవైపు నాలుగు మరలు వుంటే, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి తిప్పాడు. నిమిషంలో గొళ్లెం, తాళం కలిసి అతని చేతిలోకి వచ్చేశాయి. "తాళం బాగుందమ్మగారూ, దాచుకోండి" అన్నాడు. అక్క మొహం చూడాలి అప్పుడు! చివరికి ఆ మరలు తీసేసి, చెక్కలోంచి అవతలికి దూసుకుపోయి లోపల నట్టుతో బిగిసే బోల్టులు వేశాడు. పాత తాళమే మళ్లీ వేసుకున్నారు.

కిటికీ ఊచలు గట్టివే. వాటిని పట్టుకున్న చట్రాన్ని మాత్రం చెదలు తినేశాయి. పెరటి తలుపు కిందిచెక్క అంట్లు తోమే నీళ్లకు నాని వేలు పెడితే దిగబడింది. ఇక జామచెట్టు కొమ్మ డాబా మీదికి చక్కగా నిచ్చెన వేసినట్టు వంగి వుంది. డాబా తలుపుకి వున్నది చిటికెనవేలంత గడియ. ముందు గుమ్మానికి అంత ఆర్భాటం, వెనక ఇంత ఔదార్యం!

అన్నిటికన్నా గొప్పది తులసికోట గూట్లో వుంచే మారు తాళంచెవి. అది అక్కడ వుంటుందని ఎవరికీ తెలియదని అక్క నమ్మకం. పాల కుర్రాణ్ణి అడిగితే అక్క నోరు తెరిచేలోపల చెప్పాడు. ఇంటివాడు పారేసుకున్న చెవి దొరికించుకుని తలుపు తీసి లోపలికి వచ్చినా గృహభేదనమేనని 1860 నాటి శిక్షాస్మృతిలో ఉదాహరణ ఇచ్చి మరీ రాశారు. ఆ చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయసంహిత వచ్చింది. చట్టం ఏది వచ్చినా, దొంగ చేతికి చెవి అందించే అలవాటు మాత్రం మనకు పోలేదు.

బావగారు అన్ని కిటికీలకూ, డాబాకూ ఇనపగ్రిల్లు వేసి వెల్డు చేయించేద్దామన్నారు. ఇక్కడే నేను అడ్డుపడ్డాను. పోయినేడు బావగారి తల్లి స్నానాలగదిలో జారిపడ్డారు. లోపల గడియ. పెద్దావిడ లేవలేరు, బయటివాళ్లు వెళ్లలేరు. మేస్త్రీ వచ్చి గ్రైండరుతో గడియ కోసేదాకా అరగంట ఆవిడ మూలుగు వింటూ నిలబడ్డారు అందరూ. ఆ అరగంట బావగారు మరిచిపోయారా?

పైగా అది కర్మాగారాల ఊరు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురం దగ్గర స్టైరీన్ ఆవిరి ఇళ్లమీదికి వచ్చినప్పుడు, జనం గాఢనిద్రలోంచి లేచి కట్టుబట్టలతో పరుగెత్తారు. 12 మంది పోయారు. అటువంటి రాత్రి చీకట్లో తాళంచెవి వెతుక్కుంటూ కూర్చుంటామా?

బావగారు చాలాసేపు మాట్లాడలేదు. తరవాత మేస్త్రీని పిలిచి, పెద్దావిడ గది కిటికీకి మడతబందులు పెట్టి తెరుచుకునే గ్రిల్లు చెయ్యమన్నారు. దానికి లోపలినుంచి తాళం. చెవి కిటికీలోంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో, మంచం దిగితే అందేటంత దగ్గరలో మేకుకు వేలాడదీశాం. స్నానాలగదికి బయటినుంచి కూడా తీయగలిగే గడియ పెట్టించాం. జామకొమ్మ కొట్టించాం. ఆ పని మాత్రం పిల్లలకు ఇష్టం లేదు.

మేనల్లుడు కెమేరా పెట్టించాడు. వద్దనలేదు గాని, కెమేరా దొంగను చూస్తుందే తప్ప ఆపదు కదా! ఊరెళ్లేముందు పోలీస్‌స్టేషనులో ఒక మాట చెప్పి వెళ్లమన్నాను. గుమ్మంలో పాలపాకెట్లు పేరుకోకుండా పాలవాడికీ చెప్పుకోవాలి. ఇవన్నీ చేసి, "తిరుపతి వెళుతున్నాం, వారం దాకా రాం" అని మేనకోడలు ఫోనులో ఊరంతటికీ ఫొటోలతో చాటితే చేసేదేముంది? కొండ దిగాక పెట్టుకోమని బతిమాలాను. ఆలోచిస్తానంది.

మారు చెవి పక్కింటి మామ్మగారి దగ్గర వుంచారు. నేను ఇల్లు చేరిన మూడోనాడే అక్క మళ్లీ ఫోను. "గొళ్లెం మహా గట్టిగా వుందిరా. నా చెవి ఎక్కడ పెట్టానో కనబడలేదు. మామ్మగారేమో కూతురింటికి అనకాపల్లి వెళ్లారు. గంటనుంచీ అరుగుమీద కూర్చున్నాం!"