కాబోవు వైద్యులకొక మనవి

"నీవేమి కాగోరెదవు?" అని యడిగినచో "డాక్టరు నగుదును" అని పలుకు విద్యార్థులు మన పాఠశాలలో ననేకులు కలరు. వారికి వైద్యకళాశాలలో శరీరశాస్త్రముతో పాటు, మారుచున్న వాతావరణము వలన గలుగు వ్యాధులను గూర్చియు బోధింపవలెనని నా యభిప్రాయము.

2015వ సంవత్సరము మే మాసమున ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వడగాడ్పులకు 2,000 మందికి పైగా మృతినొందిరి. బొగ్గును, చమురును మండించుటచే భూమి వేడెక్కుకొలది ఇట్టి గాడ్పులు హెచ్చుచున్నవి. వడదెబ్బ తగిలినవాని దేహము 40 డిగ్రీలకు మించి కాగును, మతి తప్పును. దానిని సామాన్యజ్వరమని భ్రమించి జ్వరపు మాత్రలిచ్చిన ప్రయోజనము లేదు. తక్షణమే నీటితో దేహమును చల్లార్పవలెను. ఈ భేదము నెరుగని వైద్యుడు ఎంత చదివినను రోగిని కాపాడజాలడు.

పాఠ్యభాగము లిప్పటికే మిక్కిలి బరువైనవని కొందరందురు. అది నిజమే. అయినను ఇందులకు క్రొత్త గ్రంథమక్కరలేదు. "ఎండలో నెన్ని గంటలు పని చేసితిరి? త్రాగుటకు నీరు దొరకినదా? మీ యింటికప్పు రేకులదా?" అని రోగి నడుగుట ప్రతి పాఠముతోను నేర్పిన చాలును. అహమ్మదాబాదు నగరమున 2010 నాటి వడగాడ్పుల పిదప, 2013లో నేర్పరచిన వేసవి ప్రణాళికలో వైద్యుల శిక్షణయు చేరియున్నది.

మంచి సమరయుడు గాయములు కట్టుటతో తృప్తినొందక, ఆ బాటసారి మరునాటి క్షేమమునకును ఏర్పాటు చేసెను. మన వైద్యులును మందిచ్చి పంపుటతో నాగక, రోగి తిరిగి యే యెండలోనికి పోవుచున్నాడో విచారింతురు గాక!