స్కాలర్‌షిప్ ఆశ, రోస్టర్ లెక్క: అమెరికా కాలేజీ సాకర్‌లో ఆడపిల్లల దారి

అమెరికా హైస్కూళ్లలో సాకర్ ఆడే ఆడపిల్లలకు జూన్ 15 మామూలు తేదీ కాదు. పదో తరగతి పూర్తయిన ఏడాది, ఆ రోజు నుంచే డివిజన్ 1 కాలేజీ కోచ్‌లు వారికి ఫోన్ చేయడానికి, తమ జట్టులో చోటు గురించి నేరుగా మాట్లాడడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ఆగస్టు 1 నుంచి క్యాంపస్‌కు అధికారికంగా ఆహ్వానించవచ్చు. కూతురికి ఏడెనిమిదేళ్లు ఉన్నప్పటి నుంచి శని, ఆదివారాలన్నీ మైదానం పక్కన మడత కుర్చీల్లో గడిపిన తల్లిదండ్రులకు అది ఒక రకంగా పరీక్ష ఫలితాల రోజు.

అయితే 2025లో కుదిరిన ఒక కోర్టు ఒప్పందం ఈ వ్యవస్థ లెక్కలను చాలావరకు మార్చేసింది. పాత లెక్కలు నమ్ముకుని పిల్లల చదువుకు ప్రణాళిక వేసుకుంటున్న కుటుంబాలు అనేకం. డాలస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలూ వాటిలో ఉన్నాయి. డబ్బు, చదువు, పిల్ల ఆరోగ్యం మూడూ ముడిపడిన నిర్ణయం కాబట్టి, ఏం మారిందో తెలుసుకోవడం అవసరం.

టైటిల్ నైన్ వేసిన పునాది

అమెరికాలో మహిళల సాకర్ ఇంతగా పెరగడానికి మూలం 1972 నాటి విద్యా చట్టంలోని టైటిల్ నైన్. ప్రభుత్వ నిధులు తీసుకునే ఏ విద్యాసంస్థా స్త్రీ, పురుష వివక్ష చూపకూడదన్నది దాని సారాంశం. ఆ నిబంధన పాఠంలో ఆటల ప్రస్తావనే లేదు. కానీ దాని ఫలితం అందరికంటే ఎక్కువగా కనిపించింది మైదానాల్లోనే. వంద మందికి పైగా మగపిల్లలుండే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టును నడిపే కాలేజీ, ఆ సంఖ్యకు దీటుగా ఆడపిల్లలకు అవకాశాలు చూపాల్సి వచ్చింది. ఎక్కువ మంది ఆడే, తక్కువ ఖర్చయ్యే సాకర్ అందుకు అనువుగా దొరికింది. ఇవాళ డివిజన్ 1లో మహిళల సాకర్ జట్లున్న కాలేజీలు దాదాపు 350. మగవారి జట్లున్నవి 200 పైచిలుకు మాత్రమే.

1991లో జరిగిన తొలి మహిళల ప్రపంచ కప్‌ను అమెరికా గెలవడం, తర్వాత మరో మూడుసార్లు విజేతగా నిలవడం వెనుక ఉన్నది ఈ కాలేజీ వ్యవస్థే. ఇతర దేశాల్లో క్లబ్బులు చేసిన పనిని అక్కడ విశ్వవిద్యాలయాలు చేశాయి. అందుకే ఆడపిల్లకు సాకర్ బాగా వచ్చంటే, కాలేజీ చదువుకు అదొక దారి అవుతుందన్న నమ్మకం మధ్యతరగతి ఇళ్లలో బలంగా నాటుకుంది.

ఒక్క ఒప్పందం, మారిన సంఖ్యలు

కాలేజీ క్రీడలను నడిపే ఎన్‌సీఏఏ మీద ఆటగాళ్లు వేసిన హౌస్ కేసులో కుదిరిన రాజీని 2025 జూన్ 6న న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించారు. పాత ఆటగాళ్లకు పదేళ్లలో సుమారు 280 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలన్నది అందులో ఒక భాగం. కాలేజీలు తమ క్రీడాదాయం నుంచి, 2025-26లో సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకు, ఆటగాళ్లకు నేరుగా చెల్లించవచ్చన్నది రెండో భాగం. సాకర్ కుటుంబాలకు ముఖ్యమైనది మూడో భాగం: స్కాలర్‌షిప్‌ల మీద పరిమితి పోయి, జట్టు సంఖ్య మీద పరిమితి వచ్చింది.

ఇంతకుముందు డివిజన్ 1 మహిళల జట్టు 14 పూర్తి స్కాలర్‌షిప్‌లకు సమానమైన మొత్తాన్ని ఎంతమందికైనా పంచవచ్చు. ఒకరికి సగం, ఇంకొకరికి పావు, మరొకరికి పుస్తకాల ఖర్చు మాత్రమే దక్కేవి. పైసా సాయం లేకుండా జట్టులో చేరేవారూ ఉండేవారు. ఇప్పుడు ఒప్పందంలో చేరిన కాలేజీల్లో జట్టుకు 28 మందే గరిష్ఠం. కోచ్ తలచుకుంటే ఆ 28 మందికీ పూర్తి స్కాలర్‌షిప్ ఇవ్వవచ్చు.

కాగితం మీద ఇది లాభంగానే కనిపిస్తుంది. ఆచరణలో అంత డబ్బు మహిళల సాకర్‌కు కేటాయించగల కాలేజీలు తక్కువ. ఆటగాళ్లకు పంచే కొత్త సొమ్ములో సింహభాగం టీవీ ఆదాయం తెచ్చే అమెరికన్ ఫుట్‌బాల్‌కు, మగవారి బాస్కెట్‌బాల్‌కు పోతోంది. పరిహారం పంపకం టైటిల్ నైన్‌కు విరుద్ధమంటూ ఎనిమిది మంది క్రీడాకారిణులు 2025 జూన్‌లోనే అప్పీలుకు వెళ్లారు.

మరోవైపు జట్టులో చివరి చోట్లు తగ్గాయి. 28 మందిని నాలుగు తరగతులకు పంచితే ఏడాదికి ఏడు ఖాళీలు. వాటిలో కొన్ని హైస్కూలు పిల్లలకు అందకుండానే నిండిపోతాయి. ఆటగాళ్లు ఎన్నిసార్లయినా కాలేజీ మారి వెంటనే ఆడేందుకు 2024లో వీలు కల్పించాక, పదిహేడేళ్ల అమ్మాయిని తీసుకుని రెండేళ్లు తీర్చిదిద్దడం కన్నా, ఇప్పటికే కాలేజీ స్థాయిలో ఆడిన ఇరవై ఏళ్ల క్రీడాకారిణిని తెచ్చుకోవడం కోచ్‌కు సులువైంది. హైస్కూలులో సాకర్ ఆడే ఆడపిల్లల్లో ఎన్‌సీఏఏ జట్లకు చేరేది ఇప్పటికే నూటికి పదిమంది లోపు. డివిజన్ 1 వరకే చూస్తే ఇద్దరు ముగ్గురు.

కరపత్రం వేరు, పిలుపు వేరు

ఈ పోటీ చుట్టూ పెద్ద వ్యాపారమే నడుస్తోంది. క్లబ్బు రుసుములు, వేరే రాష్ట్రాల్లో టోర్నమెంట్లు, విమానాలు, హోటళ్లు, వ్యక్తిగత శిక్షకులు, వీడియో తయారీ, రిక్రూటింగ్ సలహాదారులు అన్నీ కలిస్తే ఏడాదికి వేల డాలర్లు అవుతాయి. అయిదారేళ్లు పెట్టిన ఖర్చు, చివరికి దక్కే పాక్షిక స్కాలర్‌షిప్‌ను మించిపోయే సందర్భాలు అరుదేమీ కాదు. అదే డబ్బు చదువు కోసం పొదుపు చేసి ఉంటే అన్న ప్రశ్న చాలా ఇళ్లలో ఆలస్యంగా వస్తుంది.

గందరగోళం ఎక్కువగా ఉండేది కోచ్‌ల నుంచి వచ్చే సందేశాల విషయంలో. జూన్ 15కు ముందు కూడా కాలేజీలు ప్రశ్నావళులు, శిక్షణ శిబిరాల కరపత్రాలు పంపవచ్చు. అవి వందలాది మందికి ఒకేసారి వెళ్తాయి. శిబిరం రుసుము చాలా జట్లకు అదనపు రాబడి. కాబట్టి పెద్ద విశ్వవిద్యాలయం ముద్రతో ఉత్తరం వచ్చినంత మాత్రాన ఆ కోచ్ అమ్మాయి ఆటను గమనించినట్టు కాదు. ఆమె ఆడిన ఫలానా మ్యాచ్‌ను, ఫలానా స్థానాన్ని పేర్కొంటూ, ఫోన్‌లో మాట్లాడదామంటూ వచ్చే కబురే నిజమైన ఆసక్తికి గుర్తు.

నోటిమాటగా ఇచ్చే హామీలకూ కట్టుబాటు లేదు. కోచ్ మారితే, జట్టు అవసరం మారితే ఆ మాట మారిపోవచ్చు. గతంలో ఆటగాళ్లు సంతకం చేసే నేషనల్ లెటర్ ఆఫ్ ఇంటెంట్‌ను 2024 అక్టోబరులో రద్దు చేశారు. ఇప్పుడు లెక్కలోకి వచ్చేది కాలేజీ రాతపూర్వకంగా ఇచ్చే ఆర్థిక సహాయ ఒప్పందమే. అది ఎన్నేళ్లకు, గాయమైతే ఏమవుతుంది, జట్టు నుంచి తొలగిస్తే సాయం నిలుస్తుందా అన్నవి సంతకానికి ముందే అడగవలసిన ప్రశ్నలు. ఆడపిల్లల్లో మోకాలి లిగమెంటు గాయాలు ఇదే ఆట ఆడే మగపిల్లల కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ కాబట్టి, గాయం గురించిన ప్రశ్నను అపశకునంగా భావించి దాటవేయడం తెలివైన పని కాదు.

అమ్మానాన్నల పని ఎంతవరకు?

ఈ ప్రక్రియలో తల్లిదండ్రులు చేయగలిగింది చాలా ఉంది. చేయకూడనిదీ ఉంది. కోచ్‌కు ఈమెయిల్ రాయవలసింది అమ్మాయి. ఫోన్‌లో మాట్లాడవలసిందీ ఆమే. తండ్రి రాసిన ఉత్తరాన్ని, తల్లి జవాబిచ్చే ఫోన్‌ను చూసి వెనక్కి తగ్గే కోచ్‌లు ఉన్నారు. వారికి నాలుగేళ్లు వేగవలసింది ఆ అమ్మాయితో కాబట్టి, తన మాట తాను చెప్పుకోగలదా అని చూస్తారు. మైదానం అంచున నిలబడి రిఫరీ మీద అరిచే తండ్రినీ వారు గమనిస్తారు.

పెద్దల అవసరం ఉన్నది లెక్కల్లో. డివిజన్ 1లో ఆడేందుకు అర్హత కావాలంటే హైస్కూలులో 16 కోర్ కోర్సులు, వాటిలో కనీసం 2.3 సగటు ఉండాలి. తొమ్మిదో తరగతి నుంచే ఈ జాబితాను సరిచూసుకోవడం తల్లిదండ్రులు చేయగల పని. శాట్, యాక్ట్ స్కోర్లను ఈ అర్హత నుంచి 2023లో తొలగించినా, ప్రవేశానికి వాటిని అడిగే కాలేజీలు మళ్లీ పెరుగుతున్నాయి. మూడు నాలుగు నిమిషాల వీడియోలో మొదటి అరనిమిషంలోనే మంచి ఆట కనిపించాలి. గోల్స్ మాత్రమే కాదు, బంతి లేనప్పుడు ఆమె ఎక్కడ నిలబడుతుందో కూడా కోచ్‌లు చూస్తారు.

డివిజన్ 3 కాలేజీల మీద ఉన్న చిన్నచూపు కూడా పోవాలి. అక్కడ క్రీడా స్కాలర్‌షిప్‌లు లేవు. ఐవీ లీగ్‌లోనూ లేవు. ఆ లీగ్ హౌస్ ఒప్పందానికి దూరంగా ఉండిపోయింది. కానీ ఇలాంటి చోట్ల కోచ్ మద్దతు ప్రవేశానికి తోడ్పడుతుంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి, మరికొన్ని కాలేజీల్లో మార్కులను బట్టి వచ్చే సాయం అసలు ఖర్చును బాగా తగ్గిస్తుంది. మార్కులు బాగున్న అమ్మాయికి, పేరున్న డివిజన్ 1 జట్టు ఇచ్చే పావు స్కాలర్‌షిప్ కన్నా ఇదే లాభం కావచ్చు.

వీసా అనే అదనపు గీత

హెచ్-1బీ మీద ఉన్న తెలుగు కుటుంబాలకు మరో చిక్కు ఉంది. చిన్నప్పటి నుంచి అక్కడే పెరిగినా, హెచ్-4 వీసాలో ఉన్న అమ్మాయికి ఫెడరల్ విద్యా సాయం అందదు. రాష్ట్ర నివాసి ఫీజు వర్తిస్తుందా లేదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. గ్రీన్ కార్డు వరుసలో తల్లిదండ్రుల వంతు వచ్చేలోగా ఆమెకు 21 ఏళ్లు నిండితే, సాధారణంగా ఎఫ్-1కు మారక తప్పదు. పని అనుమతి లేని వీసా కాబట్టి, తోటి ఆటగాళ్లు తమ పేరు, ఫొటో మీద సంపాదించే ఒప్పందాలు ఆమెకు ప్రమాదకరం. కాలేజీ నేరుగా ఇచ్చే ఆదాయ వాటా విషయంలోనూ ఇదే సందేహం. ఆమె నిశ్చింతగా తీసుకోగలిగింది స్కాలర్‌షిప్‌నే. ఫెడరల్ రుణం దొరకని పిల్లకు, పౌరసత్వంతో పని లేని క్రీడా స్కాలర్‌షిప్ విలువ అందుకే ఎక్కువ. ఆ ఒక్కదాని మీదే ఆధారపడితే దెబ్బ తగిలినప్పుడు నష్టమూ ఎక్కువే.

ఇక్కడ దారి వేరు

భారత్‌లో ఆడపిల్లకు ఇలాంటి కాలేజీ దారి దాదాపు లేదు. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య క్లబ్బుల ద్వారానే ఎదిగి, క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ దాకా వెళ్లి, 2024-25కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా నిలిచింది. 2025 జులైలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత మహిళల జట్టు ఆసియా కప్‌కు అర్హత సాధించింది. అయినా తెలుగు రాష్ట్రాల్లో ఇంటర్‌కు వచ్చేసరికి ఆట మానేసే అమ్మాయిలే ఎక్కువ. ఉదయం నుంచి రాత్రి దాకా నడిచే కార్పొరేట్ కాలేజీల్లో మైదానానికే చోటు లేదు. ఆట వల్ల చదువు పోతుందన్న భయం ఇక్కడిది. ఆట వల్లే చదువు వస్తుందన్న అతి ఆశ అక్కడిది. రెండు చోట్లా ఆటను ఆటగా చూడడం కరువైంది.

అమెరికా వ్యవస్థలో అనుభవమున్న కోచ్‌లు పిల్లలకు చెప్పే పరీక్ష ఒకటుంది: మొదటి వారంలోనే కాలు విరిగి ఇక ఆడలేవని తేలినా, ఆ కాలేజీలోనే చదువు పూర్తి చేయాలనిపిస్తుందా? అవునంటే ఆ కాలేజీని ఎంచుకోవాలి. కాదంటే ఎంత పేరున్న జట్టు పిలిచినా ఆలోచించాలి. మహిళల వృత్తి లీగ్ అయిన ఎన్‌డబ్ల్యూఎస్ఎల్ 2024లో కాలేజీ డ్రాఫ్ట్‌నే ఎత్తేసింది. అసాధారణ ప్రతిభ ఉన్నవారు కాలేజీ మెట్టెక్కకుండానే అక్కడికి చేరుతున్నారు. మిగిలినవారందరికీ ఈ ఆట నాలుగేళ్లలో ముగుస్తుంది. డిగ్రీ జీవితాంతం ఉంటుంది. కూతురి వెంట నిలబడదలచిన అమ్మానాన్నలు ఆమె పేరు పక్కన ఏ కాలేజీ ముద్ర పడుతుందన్నది పక్కనబెట్టి, ఆ నాలుగేళ్లూ ఆమె ఎక్కడ సంతోషంగా, అప్పుల్లేకుండా చదువుకోగలదో ముందు చూడాలి.