పట్టా ఉంటే పొట్ట నిండినట్టేనా?

గౌలిగూడలో మా వీధి అమ్మాయి ఒకతె ఇంటర్‌లో బైపీసీ చదివింది. తండ్రి మంచం పట్టడంతో రెగ్యులర్ కళాశాల ఆశ వదులుకుని, తల్లితో పాటు కుట్టుమిషన్ తొక్కుతూ దూరవిద్యలో బి.ఏ. పూర్తి చేసింది. ఆ చదువుకు ప్రభుత్వం నుండి ఒక్క రూపాయి రాలేదు. పట్టా వచ్చాక బట్టల దుకాణంలో నిలబడి పని చేసింది. ఆపై పట్టుదలతో ఒక ప్రైవేటు కళాశాలలో బి.ఎస్సీ. నర్సింగ్ సీటు సంపాదించింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు నింపడానికి నేనే సాయపడ్డాను. కార్యాలయంలో వచ్చిన జవాబు ఒకే వాక్యం: "నీకు డిగ్రీ ఉంది కదమ్మా, అదే స్థాయిలో రెండో కోర్సుకు రాదు."

బయటికి వచ్చాక ఆ అమ్మాయి నన్నడిగింది: "చాచా, నేను డిగ్రీ చదవకుండా ఉంటేనే బాగుండేదా?"

నా దగ్గర జవాబు లేదు. గుమాస్తాగా పనిచేసిన కాలంలో "నిబంధనల ప్రకారం అనర్హులు" అన్న మాటను ఎన్నో దస్త్రాల మీద నా చేత్తోనే రాశాను. దాని బరువు ఆ రోజు తెలిసింది.

ఇంతకూ ఆ నిబంధన ఏమిటి? పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనాల నియమాల్లో ఒక పాత షరతు ఉన్నది. ఒక స్థాయి విద్య ముగించినవారు అదే స్థాయిలో మరో కోర్సు చదివితే సహాయం లేదు. బి.ఏ. తరువాత బి.కాం. చదవడాన్ని అందులో ఉదాహరణగా చూపారు. ఉపకారవేతనం కోసమే పట్టా వెనుక పట్టా చదివేవారిని ఆపడం దాని ఉద్దేశమైతే నాకు అభ్యంతరం లేదు. కాని నర్సింగ్, బి.ఏ. తరువాత చదివే బి.కాం. వంటిది కాదు. మన దేశంలో ఏ పట్టభద్రురాలైనా స్టాఫ్ నర్సు కావాలంటే మూడేళ్ల జి.ఎన్.ఎం. గాని, నాలుగేళ్ల బి.ఎస్సీ. నర్సింగ్ గాని మొదటినుండి చదవవలసిందే. రెండేళ్ల పోస్ట్ బేసిక్ కోర్సు జి.ఎన్.ఎం. చేసినవారికి మాత్రమే. అమెరికాలో ఇతర విషయాల పట్టభద్రులకు పదకొండు నుండి పద్దెనిమిది నెలల్లో ముగిసే నర్సింగ్ కోర్సులున్నాయి. ఇక్కడ ఆ దారి లేదు. ఉన్న ఒక్క తలుపూ "అదే స్థాయి" అని మూసివేస్తే ఆమె ఎక్కడికి పోవాలి?

ఖజానా పరిమితమైనది, ఒకరికి రెండుసార్లు ఇస్తే మరొకరికి ఒక్కసారీ దక్కదు అని అధికారులు అంటారు. సబబైన మాటే. అయితే మా వీధి అమ్మాయి మొదటిసారి తీసుకున్నదెక్కడ? ఈ నియమం లెక్కించేది ప్రభుత్వం ఇచ్చిన రూపాయలను కాదు, అభ్యర్థి చేతిలోని కాగితాన్ని. ఆధార్‌తో, బ్యాంకు ఖాతాతో ముడిపడిన ఈ-పాస్ కాలంలో ఎవరికి ఎంత ముట్టిందో ఒక్క నిమిషంలో తేలుతుంది. తీసుకోనివారికి పూర్తిగా ఇవ్వండి. తీసుకున్నవారికి ఆ మేరకు తగ్గించి ఇవ్వండి. అది న్యాయం. ఇప్పుడున్న పద్ధతిలో డిగ్రీని దాచిపెట్టినవారికి సహాయం అందుతుంది, నిజం చెప్పినవారు నష్టపోతారు. దాచమని సలహా ఇచ్చే దళారులు ఉండనే ఉన్నారు.

ఇదే ప్రభుత్వం 2015లో ప్రారంభమైన ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పథకం కింద విదేశాల్లో పీజీ చదివే మైనారిటీ పట్టభద్రులకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది. మంచి పథకమే, మన పిల్లలు దానితో బాగుపడ్డారు. కాని విమానమెక్కే పట్టభద్రునికి లక్షలు, సిటీ బస్సెక్కి నర్సింగ్ కళాశాలకు వెళ్లే పట్టభద్రురాలికి సున్నా. అది పైమెట్టు, ఇది అదే మెట్టు అన్న సమాధానం దస్త్రానికి సరిపోతుందేమో, ఆకలికి సరిపోదు.

నర్సులు అక్కరలేదా అంటే, దేశమంతటా 157 కొత్త నర్సింగ్ కళాశాలలకు 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గమే ఆమోదం తెలిపింది. మన రాష్ట్ర సంస్థ టామ్‌కామ్ నర్సులకు జర్మన్ భాష నేర్పి విదేశాలకు పంపుతున్నది. ఇంగ్లండులోనూ రెండో డిగ్రీకి విద్యార్థి రుణం ఇవ్వరాదన్న నియమం ఉన్నది. అయినా 2017 ఆగస్టు నుండి నర్సింగ్‌కు మినహాయింపు ఇచ్చారు. 2020 సెప్టెంబరు నుండి తిరిగి చెల్లించనక్కరలేని 5,000 పౌండ్ల వార్షిక సహాయం కూడా కలిపారు. నియమాన్ని రద్దు చేయకుండానే అవసరమైన చోట సడలించవచ్చునని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

ప్రభుత్వాన్ని నిలదీసే మనం మన ఇంటినీ చూసుకోవాలి. ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని జకాత్ పంచే పెద్దల వద్దకూ వెళ్లాను. "డిగ్రీ ఉంది కదా, ఏదైనా ఉద్యోగం చూసుకోమనండి" అన్నారు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలను తౌబా సూరా 60వ ఆయతు పేర్కొన్నది. నిరుపేదలు, అగత్యపరులు అందులో ముందున్నారు. పట్టా ఉన్నవారు కారాదన్న షరతు అక్కడ లేదు. కార్యాలయంలోని గుమాస్తా చేతులను నియమం కట్టేసింది. మన చేతులను ఎవరు కట్టేశారు?

మరికొందరు రాత్రి డ్యూటీలున్న వృత్తి మన ఆడపిల్లలకు తగదంటారు. ఖందక్ యుద్ధంలో గాయపడిన హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)ను దైవప్రవక్త ముహమ్మద్ (స) మస్జిద్‌లో ఏర్పాటైన హజ్రత్ రుఫైదా (రజి) గుడారానికే చికిత్సకు పంపారు. మన తల్లి ఆసుపత్రిలో ఉన్నప్పుడు స్త్రీ నర్సే రావాలని కోరుకుంటాం. ఆ నర్సు మాత్రం మరొకరి ఇంటి బిడ్డ కావాలా?

మన కోరికలు పెద్దవి కావు. పోస్ట్ మెట్రిక్ నియమాల్లోని "అదే స్థాయి" షరతు నుండి నర్సింగ్‌కు మినహాయింపునిస్తూ ప్రభుత్వం ఉత్తర్వు వెలువరించాలి. ఇది మన ఆడపిల్లలకే కాదు, దళిత, గిరిజన, వెనుకబడిన వర్గాల పట్టభద్రులకూ వర్తించాలి. వారిని కలుపుకునే ఈ పోరాటం సాగాలి. మైనారిటీ ఆర్థిక సంస్థ వడ్డీ లేని రుణం ఏర్పాటు చేయాలి. వడ్డీకి భయపడి బ్యాంకు గడప తొక్కని కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. ప్రతి మస్జిద్ కమిటీ వచ్చే రమజాన్‌లో ఒక్క నర్సింగ్ విద్యార్థిని బాధ్యత తీసుకుని ఫీజును నేరుగా కళాశాలకే చెల్లించాలి.

2025 జనవరి 31న మా పక్కనే గోషామహల్‌లో కొత్త ఉస్మానియా ఆసుపత్రికి ముఖ్యమంత్రి శంకుస్థాపన చేశారు. రెండు వేల పడకలు వస్తాయంటున్నారు. ఆ పడకల పక్కన నిలబడి సేవ చేయడానికి గౌలిగూడ అమ్మాయి సిద్ధంగా ఉన్నది. మొదటి సంవత్సరం ఫీజుకు గడువు దగ్గరపడుతున్నది. ఆమె అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పవలసింది ప్రభుత్వమూ, మనమూ.