కాఫీ తర్వాత, ముందు లెక్క!

కార్పొరేటరు ఓటడగడానికి వస్తే మనం అడిగేవి మూడే: నల్లా నీళ్ళు, వీధి దీపం, చెత్తబండి. ‘ఈ వార్డులో లేస్తున్న మేడలకి అనుమతి ఉందో లేదో ఎప్పుడైనా చూశారా నాయనా?’ అని అడిగామా? అబ్బే! అదేదో మగవాళ్ళ వ్యవహారమని కాఫీ ఇచ్చి పంపించేస్తాం.

2016 జూలైలో ఫిల్మ్ నగర్ కల్చరల్ సెంటర్లో కడుతున్న పోర్టికో కూలి ఇద్దరు కూలీలు చనిపోయారు. దానికి అనుమతే లేదని కార్పొరేషను వాళ్ళు తర్వాత చెప్పారు. తర్వాతట! నలుగురూ తిరిగే చోట లేచిన కట్టడం కూలేదాకా కంటపడలేదుట! అదే బస్తీలో పేదవాడు రేకుల గది వేసుకుంటే సాయంత్రానికల్లా కనిపిస్తుంది.

‘అనుమతులిచ్చేది అధికారులు, మా చేతిలో ఏముందమ్మా?’ అంటారు కార్పొరేటర్లు. నిజమే. కానీ కౌన్సిల్లో లేచి ఆ అధికారుల్ని నిలదీసే నోరు మనమిచ్చిందే కదా! పైగా 2020 చట్టం వచ్చాక చిన్న ఇళ్ళకి యజమాని స్వయంగా ధ్రువీకరిస్తే చాలు, అనుమతి వచ్చేస్తోంది. మంచిదే, తిరుగుళ్ళు తగ్గాయి. మాట నమ్మి వదిలేసినప్పుడు, ఆ తర్వాత చూసే కళ్ళు మరిన్ని ఉండొద్దూ?

2020 ఎన్నికల్లో గ్రేటర్ హైదరాబాదు 150 వార్డుల్లో సగం ఆడవాళ్ళకే కేటాయించారు. బియ్యంలో రాళ్ళేరే కంటికి ప్లానులో లేని అంతస్తు కనిపించదా? కనిపిస్తుంది, భర్తగారు మాట్లాడుతుంటే పక్కన నిలబడ్డమే పదవి అనుకోకపోతే!

ఈసారి వస్తే కాఫీ ఇద్దాం. ముందు ఆ మేడల లెక్క చెప్పించుకున్నాకే!